ధర తేలాకే వస్తువు మాట

ఒక ఆటను ఇష్టపడేవాళ్లు నలుగురు కలిసి తమ గుర్తుగా ఏదైనా చేయించుకోవాలనుకున్నప్పుడు మొదట వచ్చే ప్రశ్న ‘ఏం చేయిద్దాం?’ అన్నదే. టీషర్టా, హుడీయా, మగ్గా అని రోజుల తరబడి చర్చ నడుస్తుంది. రంగు తేలుతుంది, బొమ్మ తేలుతుంది, వీపు మీద పేరు ఉండాలా వద్దా అన్నదీ తేలుతుంది. ధర మాత్రం అంతా అయ్యాక, అంగడివాళ్లు లెక్క చెప్పిన రోజున బయటికి వస్తుంది. ఈ వరుసే తలకిందులుగా ఉందని, ముందు ధరను ఖాయం చేసుకుని ఆ తరువాతే వస్తువును ఎంచుకోవాలని నా అభిప్రాయం. తిరుపతిలో బీజీఎంఐ (ఫోనులో ఆడే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడే మా బృందంలో ఈమధ్య జరిగిన చర్చ ఈ అభిప్రాయాన్ని గట్టిపరిచింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మా బృందంలో ఎక్కువమంది విద్యార్థులు. యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండేవాళ్లు, పాలిటెక్నిక్ పిల్లలు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లు ఉన్నారు. ఉద్యోగాల్లో కుదురుకుని రాత్రి భోజనమయ్యాక ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడే నాలాంటివాళ్లు కొద్దిమందే. ఆటలో ఈ తేడాలేవీ కనపడవు. ఆటలోని ఎరాంగెల్ అనే మ్యాపులో పారాషూట్ విప్పి దిగేటప్పుడు నెలకు ఎవరి చేతిలో ఎంత ఉంటుందో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వస్తువు కొనే దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఒక్కసారిగా బయటపడుతుంది. అది అందరి ఎదుటా బయటపడకుండా చూడడం వస్తువును తలపెట్టినవాళ్ల బాధ్యత అని నేను నమ్ముతున్నాను.

చెయ్యెత్తినవాళ్లందరూ కొనేవాళ్లు కాదు

మా బృందంలో ఓటింగు పెట్టగానే హుడీ గెలిచింది, అదీ పెద్ద తేడాతో. టోర్నమెంట్ల ప్రసారాల్లో జట్లన్నీ ఒకే రంగు జెర్సీల్లో, హుడీల్లో వరుసగా కూర్చోవడం అందరూ చూసి ఉన్నారు కాబట్టి ఆ కోరిక సహజమే. తిరుపతి ఎండలకు హుడీ ఏం వేసుకుంటారని ఒకరు అడిగితే, మార్గశిరంలో వేసుకుంటాం, కొండ మీదికి పోయినప్పుడు వేసుకుంటాం అని జవాబులు వచ్చాయి. ముందూ వెనకా ప్రింటుతో ఒక్కొక్కటి పదకొండు వందల పైచిలుకు పడుతుందని తెలిసిన సాయంత్రం నుంచి ఆ చర్చలో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. కాదని ఎవరూ అనలేదు. ‘చూద్దాం’ అన్నవాళ్లు కొందరు, బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకున్నవాళ్లు కొందరు.

ఆ రాత్రి పాలిటెక్నిక్ చదివే తమ్ముడొకడు నాకు విడిగా ఫోన్ చేశాడు. “నేనూ హుడీకే వేసినా అన్నా, బాగుంటాది కదా అని. కొనేది మాత్రం నా వల్ల కాదు. ఇంట్లో అంత దుడ్డు అడగలేను. నా పేరు తీసేయండి, ఎందుకని మాత్రం అక్కడ అడగొద్దండి” అన్నాడు. ఈ మాటల్లో చివరి వాక్యం నన్ను చాలా సేపు పట్టుకుంది. కొనలేని వస్తువుకే అతను ఓటు వేశాడు, అందులో తప్పేమీ లేదు. ఏది బాగుంటుందని అడిగితే ఏది బాగుంటుందో చెప్పాడు. ఎంత ఇవ్వగలవని అతన్ని ఎవరూ అడగలేదు. ఆ ఓటును కొనుగోలుదారుల లెక్కలో కలిపి హుడీకి ఇంతమంది ఉన్నారని మురిసిపోవడంలోనే ఉంది తప్పంతా.

కోరికను లెక్కపెట్టడం వేరు, కొనుగోలును లెక్కపెట్టడం వేరు. చెయ్యెత్తడానికి ఖర్చు లేదు కాబట్టి అందరూ మంచిదానికే ఎత్తుతారు. పైగా నలుగురిలో ‘అది నాకు ఎక్కువవుతుంది’ అని చెప్పడానికి మనవాళ్లలో ఉండే మొహమాటం చిన్నది కాదు. అందుకే ధర గురించి అడగాల్సింది నలుగురిలో కాదు, ఒక్కొక్కరిని విడిగా. అడగాల్సిన ప్రశ్న కూడా ‘హుడీకి ఎంత పెట్టగలవు?’ అన్నది కాదు. ఆ ప్రశ్నలోనే హుడీ కొనాలన్న ఒత్తిడి ఉంది. ‘మన గుర్తుగా ఏదో ఒకటి చేయిస్తే, రెండోసారి ఆలోచించకుండా ఎంత ఇవ్వగలవు?’ అని అడగాలి. మేము అలా అడిగి చూస్తే ఎక్కువమంది చెప్పిన మొత్తం 200కూ 300కూ మధ్య ఉంది. హుడీకి ఓటు వేసినవాళ్లు కూడా ఇందులో ఉన్నారు.

అంగడిలో అడిగే మొదటి ప్రశ్న

ధర తెలియకుండా ధరను ముందే ఎలా ఖాయం చేస్తారని చాలామంది అడుగుతారు. వస్తువు తెలిస్తేనే కదా ధర తెలిసేది అన్నది వినడానికి న్యాయమైన మాటే. గాంధీ రోడ్డు దగ్గరి సందులో ప్రింటింగ్ పని చేసే ఒకాయన దగ్గర కూర్చున్నప్పుడు ఆ మాటలో ఎంత నిజముందో నాకు తెలిసింది. ఫోనులో బొమ్మ చూపించబోతే ఆయన దానివైపు చూడనే లేదు. “ముందు ఎన్ని పీసులో చెప్పండి సార్, బొమ్మ తర్వాత చూస్తాం” అన్నాడు.

ఆయన అలా అడగడానికి కారణం పనిలోనే ఉంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేము తయారుచేయాలి. నాలుగు రంగుల బొమ్మకు నాలుగు ఫ్రేములు కావాలి, పది చొక్కాలు వేసినా రెండు వందలు వేసినా ఆ ఫ్రేముల ఖర్చు ఒకటే. అందువల్ల పీసులు పెరిగేకొద్దీ ఒక్కోదాని మీద పడే భారం తగ్గుతుంది. డీటీఎఫ్, అంటే ఫిల్ము మీద అచ్చువేసి గుడ్డకు ఎక్కించే పద్ధతి, వేరుగా ఉంటుంది. బొమ్మను సన్నని ఫిల్ము మీద రంగులతో అచ్చువేసి, వాటి మీద తెల్ల ఇంకు పొర వేసి, అది తడిగా ఉండగానే జిగురు పొడి చల్లి, వేడి చేసి ఆరనిస్తారు. ఆ ఫిల్మును గుడ్డ మీద పెట్టి హీట్ ప్రెస్‌తో కొన్ని సెకన్లు నొక్కి, చల్లారాక పైపొర లాగేస్తారు. ఇందులో ఫ్రేము ఖర్చు లేదు కాబట్టి ఒక చొక్కాకైనా వంద చొక్కాలకైనా ప్రింటు ధరలో పెద్ద తేడా రాదు. తిరుప్పూరు నుంచి వచ్చే ఖాళీ టీషర్టులకు మాత్రం, ఏ రకం గుడ్డ అయినా, విడిగా తీసుకుంటే ఒక రేటు, పెట్టెల లెక్కన తీసుకుంటే ఇంకో రేటు ఉంటుంది.

అంటే ధర పీసుల సంఖ్య మీద ఆధారపడుతుంది, పీసుల సంఖ్యేమో ధర మీద ఆధారపడుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచక తప్పదు. వస్తువు దగ్గర తెంచితే సంఖ్యను ఊహించాలి. ఊహించిన సంఖ్యకు ఆర్డరు ఇచ్చాక సగంమంది వెనక్కి తగ్గితే, మిగిలిన సరుకు భారం ముందు డబ్బు పెట్టినవాళ్ల మీద పడుతుంది, లేదంటే కొన్నవాళ్ల ధర పెరుగుతుంది. ధర దగ్గర తెంచితే ఊహించాల్సినది ఏమీ ఉండదు. ఇంత ఇవ్వగలవాళ్లు ఇంతమంది అని తేలుతుంది, వాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకోవచ్చు, చేతిలో మొత్తం ఎంతో తెలిశాక ఆ మొత్తానికి ఏది మంచిదిగా వస్తుందో వెతకవచ్చు.

చిత్తూరు జిల్లాలో తోతాపురి పండించేవాళ్లకు ఈ మాట చెప్పాల్సిన పని లేదు. ధర తేలకముందే కాయ కోసి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు నిలబెట్టాక బేరమాడే శక్తి ఎవరికుంటుందో వాళ్లకు తెలుసు. 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చి 12 రూపాయలు చేయాలని నిర్ణయించాల్సి రావడానికి ముందు ఆ ట్రాక్టర్ల వరుసలు ఎంత పొడుగున్నాయో మేమంతా చూశాం. సరుకు సిద్ధమయ్యాక ధర మాట్లాడేవాళ్లు ఎటువైపు ఉన్నా బలహీనులే.

ఆటలో ధర, అంగడిలో ధర

మా వాళ్లకు ధర గురించి ఉన్న అంచనాలు ఎక్కడి నుంచి వచ్చాయని ఆలోచిస్తే, చాలావరకు ఆటలోనుంచే వచ్చాయనిపిస్తుంది. తుపాకికి వేసే అలంకారం, అంటే స్కిన్ కోసం, ఆటలో చెల్లే యూసీ అనే డబ్బు కొని, లోపల ఏముందో ముందు తెలియని క్రేటు పెట్టె తెరిచి, అది రాలేదని మళ్లీ కొన్నవాళ్లు మా బృందంలో ఉన్నారు. అలాంటి ఒకరే ‘టీషర్టుకు మూడు వందలా!’ అని ఆశ్చర్యపోయారు. దానికి పూర్తిగా విరుద్ధంగా, ‘స్కిన్‌కే వేలు పెడుతున్నాం, హుడీకి పన్నెండు వందలు పెట్టలేమా?’ అన్నవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటలూ ఒకే గందరగోళంలోంచి పుట్టాయి.

ఆటలో స్కిన్ ఒకసారి తయారయ్యాక ఇంకొకరికి అమ్మడానికి కంపెనీకి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. కాబట్టి దాని ధర పూర్తిగా మన ఇష్టం ఎంత గట్టిదో కొలిచే ధర. గుడ్డకు అలా కాదు. నూలు, అద్దకం, కుట్టు, రవాణా, ప్రింటు కలిపి ఇంతకంటే తగ్గదన్న హద్దు ఒకటి ఉంటుంది, మనం మనవాళ్లకే అమ్ముకునేటప్పుడు ఆ హద్దుకు దగ్గరగా ఉండే ధరే న్యాయమైనది. అభిమానం ఉంది కదా అని దానిమీద ఎంతైనా వేయవచ్చన్న ఆలోచన కంపెనీలకు చెల్లుతుందేమో గానీ, ఒకే స్క్వాడ్‌లో ఆడేవాళ్ల మధ్య చెల్లకూడదు.

అందుకే ఒక సూచనను నేను గట్టిగా వ్యతిరేకించాను. మూసిన కవర్లలో రకరకాల కీచెయిన్లు పెట్టి, ఏది వస్తుందో తెలియకుండా అమ్మితే సరదాగా ఉంటుందని, అరుదైన బొమ్మ కోసం ఒక్కొక్కరు రెండు మూడు కొంటారని, అలా ఖర్చు కలిసొస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. క్రేటు పద్ధతిని కాగితం కవరులోకి తెచ్చినట్టే ఇది. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని ఆటల్లోని లూట్ బాక్సులు, అంటే ఇలాంటి క్రేట్లు, జూదం కిందికి వస్తాయని తేల్చింది. మన దేశంలోనూ 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే వీడియో గేములను, వేరుగా గుర్తించింది. ఆ తేడాను ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఒప్పించడానికి మా పిల్లలు ఎంత అవస్థపడుతున్నారో నాకు తెలుసు. అలాంటి సమయంలో, చట్టం అడ్డు చెప్పినా చెప్పకపోయినా, మన చేత్తో మనమే ‘అదృష్టం ఉంటే వస్తుంది’ అనే సరుకు తయారుచేయకూడదు. ఎంత ఇస్తే ఏం వస్తుందో కొనేవాళ్లకు ముందే తెలియాలి. ‘చివరి పది మాత్రమే’, ‘ఈ రాత్రి వరకే’ వంటి తొందరపెట్టే మాటల మీద కూడా నా అభిప్రాయం ఇదే.

నాకున్న సందేహాలు

ధర ముందే బిగిస్తే సరుకు నాసిరకం అవుతుందన్నది గట్టి అభ్యంతరం. నాలుగు ఉతుకులకు బొమ్మ పగిలిపోయే టీషర్టు 200కు వచ్చినా ఖరీదైనదే. అయితే ధర ముందు తేలడం వల్ల ఆ ధరకు నాసి టీషర్టే తీసుకోవాలన్న నిర్బంధం ఏమీ రాదు. ఆ ధరకు మంచిగా దొరికే చిన్న వస్తువు ఏదో వెతుక్కునే వీలు వస్తుంది. 150 రూపాయలకు చెడ్డ టీషర్టు వస్తుంది, మంచి అక్రిలిక్ కీచెయిన్ వస్తుంది. ఫోను మీద ఆడేవాళ్లకు మౌస్‌ప్యాడు దేనికీ పనికిరాదు. ఫోను కవరు ఒక్కో మోడలుకు ఒక్కో కొలత కాబట్టి కలిపి చేయించడం కుదరదు. వేసవిలో చెమటకు వేలు జారకుండా తొడుక్కునే ఫింగర్ స్లీవ్‌లు మాత్రం అందరికీ పనికొస్తాయి, ఖర్చు తక్కువ, కొలతల తకరారు లేదు. హుడీ మీద ఓటింగు నడిచినన్నాళ్లూ ఒక్కరికీ ఈ వస్తువు గుర్తు రాలేదు. ధర 250 దగ్గర ఆగాక గంటలోపే వచ్చింది.

కొలతల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. డబుల్ ఎక్సెల్‌కు అంగడిలో కొంత ఎక్కువ అడుగుతారు, ఆ ఎక్కువను ఆ కొలత వేసుకునేవాళ్లే ఇచ్చుకోవాలని కొందరన్నారు. నేను ఒప్పుకోను. అందరి మీదా సమంగా పరిస్తే తలా కొద్ది రూపాయలకు మించి పడదు, ఒకరి ఒంటి కొలత నలుగురి ముందు డబ్బు లెక్కగా మారకుండా ఉంటుంది.

బొమ్మ గీసినవాళ్ల సంగతి నన్ను ఇంతకంటే ఎక్కువ ఆలోచింపజేసింది. శ్రీకాళహస్తి నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న అమ్మాయి మా బృందంలో ఉంది. వాళ్ల ఇంటి వీధిలో కలంకారీ పని చేసేవాళ్లను చూస్తూ పెరిగింది. జీపులో నలుగురు కూర్చుని పోతున్న బొమ్మను ఆమె కలంకారీ పద్ధతిలో, కలంతో గీసిన లావు నల్లని గీతలతో, పెద్ద కళ్లతో, చుట్టూ లతల అంచుతో గీసింది. వెనక కూర్చున్న అతని వీపుకు, ఆటలో ఆయుధంగా వాడే పెనం వేలాడుతూ ఉంటుంది. ఆ పెనం చూస్తే చాలు, ఆడేవాళ్లకు అంతా అర్థమవుతుంది. అందరూ మెచ్చుకున్నారు, ‘మన అమ్మాయే కదా’ అని డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. గుడ్డకు, ఇంకుకు, కొరియరుకు ఇచ్చి, ఆ వస్తువుకు విలువ తెచ్చిన చేతికి మాత్రం ఇవ్వకపోవడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. ఆమె వద్దంది. వద్దన్నా సరే, బొమ్మ గీసినందుకు ఇంత అని లెక్కలో మొదటి వరుసగా రాసి, అడ్వాన్సులు రాగానే ముందు ఆమెకే ఇవ్వాలని పట్టుబట్టాను. ధరను చివరికి వదిలేస్తే మొదట కోతపడేది ఇలాంటి ఖర్చులకే. ముందే ఖాయం చేసుకుంటే గుడ్డ కొంచెం తగ్గుతుంది తప్ప గీసినవాళ్ల వాటా తగ్గదు.

ఆట పేరు ఎవరిది

ఆమె బొమ్మలో ఆట పేరు గానీ, లోగో గానీ, కంపెనీ గీయించిన పాత్రలు గానీ లేవు. లోగో లేకపోతే ఎవరు కొంటారని కొందరు అడిగారు. ఊళ్లో ఏ ప్రింటింగ్ అంగడికి వెళ్లినా ఏ లోగో ఇచ్చినా వేసిస్తారన్నది నిజమే. అయినా ఆ పేరు, ఆ గుర్తులు ఆటను నడిపే క్రాఫ్టన్ కంపెనీవి. అనుమతి అడగకుండా వాటిని అచ్చువేసి అమ్మడం, మనకు లాభం మిగలకపోయినా, మనది కాని దానిని అమ్మడమే. ఆ కంపెనీ ఆటను ఇష్టపడుతున్నానని చెబుతూ దాని హక్కును పక్కకు నెట్టడం నాకు సబబుగా తోచదు. పెనం ఎవరి సొత్తూ కాదు. జీపులో నలుగురు స్నేహితులు పోవడం కూడా కాదు.

దీనికి ఇంకో కారణం మేమంతా అనుభవించినదే. 2020 సెప్టెంబరు 2న, అంతకుముందు మేము ఆడిన పబ్జీ మొబైల్ మీద నిషేధం వచ్చింది. 2021 జులై 2న దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులై 28న అదీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మే నెలాఖరుకు గానీ తిరిగి రాలేదు. పాత పేరుతో అచ్చైన టీషర్టులు ఆ మధ్యకాలంలో అటక ఎక్కాయి. మాట్లాడుకుంటూ ఆడిన స్నేహాలు మాత్రం ఆ పది నెలలూ వేరే ఆటల్లో, టీ అంగళ్ల దగ్గర సాగుతూనే ఉన్నాయి. మనం గుర్తుగా మిగుల్చుకోవాలనుకునేది ఆ స్నేహాన్ని అయితే, బొమ్మ కూడా దానిదే కావాలి.

హుడీవాళ్ల సంగతి

ఇంత చెప్పాక కూడా, ఎక్కువ ఖర్చుపెట్టగలిగి, హుడీ మీద నిజంగా మనసున్నవాళ్లను ఎందుకు ఆపాలన్న ప్రశ్నకు నా దగ్గర చాలా రోజులు జవాబు లేదు. రెండు రకాలు పెడితే ఎవరి స్తోమత ఎంతో ఒంటిమీదే కనపడుతుంది. ఒకటే పెడితే వాళ్లకు ఇష్టమైనది దొరకదు. దారి చూపించింది ఆ గాంధీ రోడ్డు పెద్దమనిషే. డీటీఎఫ్ ఫిల్మును మీటరు లెక్కన అచ్చువేయించుకోవచ్చని, ఒకే మీటరులో చిన్నా పెద్దా బొమ్మలు ఇరికించి సర్దుకుంటే ఒక్కో బొమ్మ చౌకగా పడుతుందని, ఆ ఫిల్ము ముక్కలను దాచుకుని తరువాత ఏ గుడ్డ మీదైనా నొక్కించుకోవచ్చని ఆయన చెప్పాడు. నూలైనా, పాలిస్టరైనా, రెండూ కలిసినదైనా పట్టుకుంటుంది.

అప్పుడు మా వస్తువు టీషర్టూ కాదు, హుడీ కూడా కాదు, ఆ బొమ్మే అయింది. తలా 250కి ఒక పెద్ద బొమ్మ ఫిల్ము, జేబు మీద వేసుకునే చిన్నదొకటి, ఒక జత ఫింగర్ స్లీవ్‌లు, బొమ్మ గీసినందుకు ఇవ్వాల్సిన వాటా అన్నీ వచ్చేశాయి. హుడీ కావాలన్నవాళ్లు తమకు నచ్చిన హుడీ తెచ్చుకుంటారు, పాలిటెక్నిక్ తమ్ముడు తన దగ్గరున్న మంచి టీషర్టు తెచ్చుకుంటాడు. అందరూ ఒకే రంగులో ఉండరు, గ్రూపు ఫొటో బాగా రాదు అని ఇంకా గొణిగేవాళ్లున్నారు, వాళ్ల మాటలో న్యాయం లేదనను. రంగు ఒక్కటి కావాలంటే అందరూ నల్లది తెచ్చుకోవాలని చెప్పుకోవచ్చు. నల్ల చొక్కా లేని ఇల్లు అరుదు.

ఇంకా తేలనిది ఒకటే ఉంది. తెచ్చిన గుడ్డ ప్రెస్ కింద పాడైతే తనది పూచీ కాదని అంగడాయన ముందే చెప్పేశాడు. అది గుడ్డ తెచ్చినవాళ్ల నష్టమేనని కొందరంటున్నారు. నేను మాత్రం ఒకటి రెండు ఖాళీ టీషర్టుల ఖర్చును, అదనంగా రెండు ఫిల్ము ముక్కలను ఆ 250లోనే కలపాలంటున్నాను, ఎందుకంటే పాడైన చొక్కా హుడీవాళ్లదైతే వాళ్లు ఇంకోటి కొనుక్కోగలరు, ఆ తమ్ముడిదైతే అతనికి ఉన్న మంచి చొక్కా అదే కావచ్చు. ఏదీ పాడు కాకపోతే మిగిలిన డబ్బును లెక్క కాగితంతో సహా అందరికీ సమంగా తిరిగి ఇచ్చేయాలి. ఈ ఆదివారం కూర్చుని దాని మీద నిర్ణయం తీసుకుంటాం.